తూటా పడినంత

మాట తప్పినవాణ్ణి ఇంకా స్నేహితుడనే అనాలా అని గార్గి అడిగేసరికి దేవసహాయం మాస్టారు తూటాల్లో మందు నింపుతున్నారు. రైఫిల్ క్లబ్బులో శిష్యులకు పోటీ తూటాలు చేత్తో కట్టుకోవడం నేర్పే ఈ మాజీ సైనికుడికి ఒక అలవాటుంది. మందు తూచే త్రాసు ముందు కూర్చున్నంతసేపూ ఏ ప్రశ్నకూ బదులివ్వరు, ఎదురుగా ఉన్న స్టూలు మాత్రం చూపిస్తారు.

గార్గి కూర్చోలేదు. ఆడపిల్లల సాధన వేళలు తగ్గించినందుకు జిల్లా పోటీని బహిష్కరిద్దామని శిష్యులందరూ ప్రతిజ్ఞ చేశారు. ఆ ప్రతిజ్ఞ రాసింది గార్గి. అందరికంటే ముందు చెయ్యెత్తింది బాలస్వామి. తీరా పోటీనాడు రైఫిలు భుజాన వేసుకుని వెళ్ళిందీ అతనే. క్రీడాకోటాలో రాబోయే ఉద్యోగం చెయ్యి జారుతుందని భయపడ్డాడట. రాజీ అనేది ద్రోహానికి పెట్టుకున్న ముద్దుపేరని గార్గి నమ్మకం. సాయంత్రం శిష్యుల సమావేశంలో ప్రతిజ్ఞలోంచి అతని పేరు కొట్టేసి, జన్మలో మళ్ళీ పలకరించకూడదని తీర్మానించుకునే వచ్చింది. తీర్మానించుకున్నాక ఇంకా అడగడం దేనికో ఆమెకే తెలియలేదు. ఒకే సైకిలెక్కి ఈ క్లబ్బుకొచ్చి, ఒకే రైఫిలు మీద గురి నేర్చుకున్నారు వాళ్ళిద్దరూ.

మాస్టారు లేచి ఆమెను మైదానంలోకి తీసుకెళ్ళి దగ్గరి గురికాగితాన్ని కాల్చమన్నారు. తూటా నట్టనడుమ తగిలింది. గురి మార్చకుండా దూరపు కాగితాన్ని కాల్చమన్నారు. బెత్తెడు, అంటే నాలుగు వేళ్ళ మేర, కిందికి తగిలింది. దూరం పోయేకొద్దీ తూటా ఎంత కిందికి దిగిందో చూసి దాని వేగం అంచనా కట్టడం ఆయన ఎప్పుడో నేర్పారు. గార్గి లెక్క కట్టి, వేగం చాల్లేదని తేల్చి, మందు కొలతల పట్టికలోని హద్దు దాటకుండా మందు పెంచి కొత్త తూటాలు కట్టుకొచ్చింది. మళ్ళీ కాల్చింది. కిందికి దిగడం ఒక వేలి మందం తగ్గిందంతే.

"అసలు కిందికి దిగకుండా ఉండాలంటే ఎంత మందు పొయ్యాలి మాస్టారూ?"

"అంత పోస్తే తూటా సంగతి దేవుడెరుగు, రైఫిలు పగిలి ముందు నువ్వు పోతావు" అని ఆయన నవ్వారు.

ఉక్రోషంగానే సైటు మర తిప్పి, మిగిలిన ఆ మూడు వేళ్ళ మేరా గురి పైకెత్తి కాల్చింది గార్గి. దూరపు కాగితానికి నట్టనడుమ చిల్లు పడింది. ఆమె ముఖంలో సంతోషం మెరిసి, అంతలోనే మాయమైంది. సమావేశానికి వేళవుతోందని, బాలస్వామి గురించి అడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదని కోపంగా గుర్తుచేసింది.

మాస్టారు వంగి, గడ్డిలో పడిన ఖాళీ తూటా గుల్లల్ని ఏరి జేబులో వేసుకున్నారు.

"ఎంత కిందికి దిగుతుందో తెలిసిన తూటాతోనే కదమ్మా మనం గురి పెట్టేది" అన్నారు.