గుండెకు తోడెళ్లిన గొంతు నరం

ఒకప్పుడు మనుషుల గుండె ఛాతీలో ఉండేది కాదు. గడ్డం కిందే, గొంతును ఆనుకుని ఉండేది.

అందుకే ఎవరికీ మాట సాఫీగా వచ్చేది కాదు. లోపల గుండె దడదడలాడుతుంటే, పైన మాట ముక్కలైపోయేది. "ఇలా రా" అనబోతే "ఇ... లా... లా... రా" అని వచ్చేది. భయమేస్తే మరీ కష్టం. గుండె ఉబ్బి గొంతుకు అడ్డం పడేది. ఇక చిన్న కూత కూడా బయటికి వచ్చేది కాదు.

ఆ కాలంలో ఒక ఏటి ఒడ్డున నేరేడమ్మ అనే ఆవిడ ఉండేది. ఆమె కూతురు గువ్వకు అప్పుడప్పుడే నడక వచ్చింది. నేరేడమ్మకు మళ్లీ రెండో నెల.

ఒకరోజు ఆమె ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. తల తిప్పి చూసేసరికి ఏముంది! గువ్వ తప్పటడుగులు వేసుకుంటూ, కిలకిలా నవ్వుకుంటూ ఏట్లోకి దిగుతోంది.

"గువ్వా, ఆగు!" అని అరవబోయింది నేరేడమ్మ. గొంతు మూసుకుపోయింది. నోరు తెరుచుకుని పరుగెత్తింది.

నీళ్లలో ఒంటికాలిమీద నిలబడ్డ కొంగ ఇదంతా చూసింది. "క్రాక్! క్రాక్!" అని అరిచింది. గువ్వ ఉలిక్కిపడి ఆగింది. అంతలో తల్లి వచ్చి చంకనెత్తుకుంది.

"ఏం తల్లీ! కన్నబిడ్డను ఒక్క కేక వేయలేకపోయావా?" అంది కొంగ.

నేరేడమ్మ ఇసుకలో కూలబడి ఏడ్చింది. తర్వాత తన గుండె మీద విరుచుకుపడింది. మాటలు బయటికి రాకపోయినా మనసులోనే కడిగేసింది. "నీవల్ల నా బిడ్డ పోయేది! కాస్త కిందికి జరగరాదూ?"

"నాకు మాత్రం బాధ లేదా?" అంది గుండె. "కానీ నేను ఎదిగిపోయాను. నా నెత్తుటి గొట్టాలన్నీ ఇక్కడే పాతుకుపోయాయి. నీ కడుపులో బిడ్డను అడుగు. అది ఇంకా చిక్కుడు గింజంతే. దాని గుండె నువ్వు గింజంత. అదైతే జరగగలదు."

నేరేడమ్మ పొట్టమీద చెయ్యి వేసుకుని బతిమాలింది.

బుల్లి గుండె గింజుకుంది. "అంత కిందికా? ఆ పక్కటెముకల గూట్లో ఒక్కదాన్నే ఉండాలా? అమ్మో, నేను పోను! ఇక్కడైతే కబుర్లకు గొంతు నరం ఉంది."

గొంతు నరం దారంలా సన్నగా ఉంటుంది. తలలోంచి వచ్చి, గుండె పక్కగా వెళ్లి, గొంతుకు కబురు అందించడం దాని పని. రెండడుగుల్లో అయిపోయే పని.

"పిచ్చిదానా, నేనూ వస్తాను పద!" అంది నరం. "నీ పెద్ద గొట్టం కిందనుంచి చెయ్యి వేసి పట్టుకుంటాను. నువ్వెంత దూరం దిగితే అంత దూరం నేనూ సాగుతాను."

"మరి గొంతుకు కబురెవరు చెబుతారు?"

"నేనే! నీ చెయ్యి వదలకుండానే మళ్లీ పైకి పాకుతాను. దారి చుట్టవుతుంది. అయితే ఏం? మనం విడిపోం కదా."

గుండె ధైర్యం తెచ్చుకుంది. రోజుకు కాస్త, రోజుకు కాస్త దిగింది. నరం సాగుతూ వెంట వచ్చింది. బిడ్డ మెల్లగా వంచిన తల ఎత్తింది. మెడ సాగింది. గుండె వెచ్చగా ఛాతీలో సర్దుకుంది. నరం దాని గొట్టం చుట్టూ తిరిగి, పైకి పాకి గొంతును చేరింది.

నెలలు నిండాయి. పాప పుట్టింది. పుడుతూనే "కేర్ర్...!" మంది. మనిషి నోట అంత గట్టి కేక లోకం అదే మొదటిసారి వినడం. ఏటిమీద కొంగలన్నీ గాల్లోకి లేచాయి. జనం పరుగెత్తుకొచ్చారు.

"ఏ... ఏ... మిటది?" అంది పొరుగు ముసలమ్మ.

"నా... నా... పా... ప!" అంది నేరేడమ్మ, పకపకా నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ.

ఆ పాప పెద్దదైంది. దానికి పిల్లలు పుట్టారు, ఆ పిల్లలకూ పిల్లలు పుట్టారు. అందరి గుండెలూ అదే దారి పట్టాయి.

అప్పటినుంచే అమ్మ కడుపులో ప్రతి బిడ్డ గుండె మొదట గడ్డం కిందే కొట్టుకుంటుంది, ఆ తర్వాత ఛాతీలోకి దిగుతుంది. గొంతు నరం కూడా దాని వెంటే దిగి, పెద్ద గొట్టాన్ని చుట్టి, తిరిగి గొంతుకు ఎక్కుతుంది. అప్పటినుంచే, గుండె పట్టలేనంత సంతోషం కలిగినప్పుడు మన గొంతు కూడా సన్నగా వణుకుతుంది.