ఇస్హాక్ పోసిన నీళ్ళు

షిరాజ్ నగరం బయట, కొండ అంచున ఉన్న సూఫీ ఆశ్రమంలో ఇస్హాక్ చేరి మూడేళ్ళు కావస్తోంది. ఉపదేశం మాత్రం అందలేదు. చేరిన కొత్తలోనే గురువు షేక్ రుక్నుద్దీన్ అతని చేతిలో వెల్లుల్లిపాయంత తులిప్ దుంప ఒకటి పెట్టి, ఇది పూసిన రోజు నా గదికి రా, ఉపదేశం ఇస్తానన్నాడు. ఎలా పెంచాలో చెప్పలేదు. చెబితే ఆయన సొమ్మేం పోయింది?

ఇస్హాక్ దాన్ని ఆరుబయట కుండీలో పాతాడు. చలికాలం వానలకు దుంప మొలిచింది. చిన్న దుంప కదా, ఆకులే వచ్చాయి. ఎండలు ముదిరేసరికి ఆ ఆకులూ పండి ఎండిపోయాయి. ఇస్హాక్ కంగారుపడి పూటకో చెంబు నీళ్ళు పోశాడు. వేసవి పోయాక తవ్వి చూస్తే దుంప కుళ్ళి కంపు కొట్టింది.

గురువు ఇంకో దుంప ఇచ్చాడు. నీళ్ళు చాలక పోయిందేమోనని రెండో ఏడు పూటకు రెండు చెంబులు పోశాడు. అదీ కుళ్ళింది. గురువు ఎక్కడ తప్పావని కూడా అడక్కుండా మూడోది తెచ్చిచ్చాడు. అలాంటి మనిషితో ఎలా వేగడం! ఇతని తరవాత చేరినవాళ్ళు ఇద్దరు ఉపదేశం పుచ్చుకుని వెళ్ళిపోయారు కూడాను. వంటశాల చూసే కరీం రోజూ రొట్టె వడ్డిస్తూ, పువ్వు ఎంతవరకు వచ్చిందని ఆరా తీసేవాడు. ఇస్హాక్‌కి ఒళ్ళు మండిపోయేది.

మూడో వేసవిలో రంజాన్ నెల వచ్చింది. మిట్టమధ్యాహ్నం. నాలుక పిడచకట్టుకుపోతున్నా ఇస్హాక్ బావిలో నీళ్ళు తోడుకుని కుండీ దగ్గరికి వచ్చాడు. ఆకులు అప్పటికే ఎండిపోయాయి. నీళ్ళు పోయబోతుంటే గురువు అటుగా వచ్చాడు. ఇస్హాక్ ఇక ఉండబట్టలేకపోయాడు.

"మూడేళ్ళ నుంచి దీనికి చాకిరీ చేస్తున్నాను హజ్రత్. ఒక్క పూట మానలేదు. ఇంకేం చెయ్యమంటారు?"

గురువు అతని చేతిలోని చెంబు తీసుకుని, తిన్నగా అతని పెదవులకు ఆనించాడు.

"తాగు."

ఇస్హాక్ చటుక్కున మొహం తిప్పుకున్నాడు. చన్నీళ్ళు గడ్డం మీద నుంచి కారాయి. ఈయనకు మతిగాని పోయిందా అనుకున్నాడు.

"ఉపవాసంలో ఉన్నాను కదా హజ్రత్."

"దాహం వెయ్యడం లేదూ?"

"ప్రాణం పోయేంత వేస్తోంది. అయితే మాత్రం?"

గురువు కుండీ వైపు చూశాడు. "అదీ ఉపవాసంలోనే ఉంది."

ఇస్హాక్ కుండీలోని ఎండిన ఆకుల కేసి చూశాడు. అడిగేసరికి అతని గొంతులో కోపం లేదు.

"మరి ఇది ఉపవాసం విడిచేదెప్పుడు?"

"తొలి వానకు. విడిపించేది నువ్వు కాదు."

గురువు వెళ్ళిపోయాక ఇస్హాక్ చెంబును కుండీ పక్కన బోర్లించాడు.

ఆ సాయంత్రం పొద్దు గుంకాక రొట్టె వడ్డిస్తూ కరీం ఎప్పటిలాగే పువ్వు ఎంతవరకు వచ్చిందని అడిగాడు.

"వాన రానీ" అన్నాడు ఇస్హాక్.