ఒక్క కాయలో ఇన్ని దాహాలు

ఒకప్పుడు కొండమీది పైన్ చెట్లన్నీ ఒకేలా నీళ్లు తాగేవి. ఎండైనా వానైనా వేళ్లతో గటగటా తాగడమే. సూదుల్లాంటి ఆకుల మీది బుల్లి నోళ్లు బార్లా తెరిచి, తాగిందంతా ఆవిరిగా ఊదెయ్యడమే.

ఆ చెట్లన్నిటికీ తల్లి ముసలి పైనమ్మ. ఆ పక్కనే బుద్రి అనే ఆమె కొండవాలులో పోడు చేసుకునేది. ఇద్దరికీ ఉన్నది ఒక్కటే ఊట.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. కుండ పట్టుకొచ్చిన బుద్రికి ఊటలో బురద కనిపించింది.

"ఏటక్కా ఇది! నీ పిల్లలవి కడుపులా, చెరువులా?" అని విరుచుకుపడింది.

"నన్నేం చెయ్యమంటావే! చెప్పి చెప్పి నోరు పడిపోయింది" అంది పైనమ్మ. పిల్లల వైపు తిరిగి, "ఒరేయ్, వానొచ్చేదాకా నోళ్లు ముయ్యండ్రా!" అని అరిచింది.

"మూస్తే ఎదిగేదెలా?" అన్నాయి పిల్లలు. గాలిని తినేదీ ఆ నోళ్లతోనే మరి.

ఊట ఎండింది. పిల్లలు ఒక్కొక్కటే ఎర్రబారి, నిలువునా మాడిపోయాయి. పైనమ్మ గుండె చెరువైంది.

ఈసారి గింజల్లోనే పిసినారితనం కూరింది. "కాస్త ఎండ కాసిందా, నోరు మూసుకోండి. అంతే!"

మరుసటి ఏడు వానలే వానలు. తుప్పలు ఏపుగా లేచాయి. పిసినారి పిల్లలు మాత్రం, ఎండ పొడ తగిలితే చాలు, నోరు మూసుకుని కూర్చున్నాయి. ఎదగక, తుప్పల నీడలో సగం చచ్చాయి.

"తాగితే చచ్చారు, తాగకపోతే చచ్చారు! ఇంక నా వల్ల కాదు!" అంటూ పైనమ్మ కొమ్మలు విదిలించింది. కాయలు టపటపా రాలాయి. ఒకటి బుద్రి నెత్తిన పడింది.

బుద్రికి ఒళ్లు మండింది. "వానొస్తాదో రాదో నాకు మాత్రం తెలుసేటి? అందుకే ఒకే పొలం చెక్కలో వరీ సామలూ కలిపి చల్లుతాను. వానొస్తే వరి దక్కుతాది, రాకపోతే సామలు."

"అలాగైతే కొన్ని పిల్లలు పోతాయిగా?"

"పోతాయక్కా. అన్నీ పోవు."

పైనమ్మ గొణుక్కుంటూనే, ఒక్కో కాయలో రకరకాల గింజలు కలిపింది.

అప్పటినుంచే, ఒకే కాయలోంచి పుట్టినా పైన్ పిల్లలు ఒకేలా తాగవు. నేల ఎండితే ఒకటి చప్పున నోరు మూసుకుంటుంది. దాని తోబుట్టువు పక్కనే నిలబడి, ఆఖరి చుక్కదాకా తాగుతూనే ఉంటుంది.