గవరయ్య విన్న మాట

అనగనగా, పిల్లలూ, ఏటి పక్కన ఒక అడవి. ఆ అడవిలో గవరయ్య అనే ఏదుపంది ఉండేవాడు. వాడికి చిన్నప్పటి నుంచీ నత్తి. ఒక్క మాట బయటికి రావాలన్నా గొంతులో పెద్ద పెనుగులాటే.

వాడితో కలిసి చదువుకున్న దుమ్ములగొండి పేరు కొమరన్న. "మ... మ... మంచినీళ్లు కావాలట వీడికి!" అని వెక్కిరించి పడీ పడీ నవ్వేవాడు. గవరయ్య తల వంచుకుని వెళ్లిపోయేవాడు.

మాట్లాడటం కష్టం కదా, అందుకని వాడికి వినడం అలవాటైంది. ఎవరేం చెప్పినా చివరిదాకా వినేవాడు. పెద్దయ్యాక కుందేళ్ల తరఫున, జింకల తరఫున సింహం కొలువులో వాదించాడు. నత్తితోనే వాదించాడు. తక్కువ మాటలు, సూటి మాటలు. సింహం మెచ్చుకుని అతన్ని న్యాయాధికారిని చేశాడు.

ఒకరోజు నెమలి ఏడుస్తూ కొలువుకు వచ్చింది.

"అయ్యా, పొదలో పెట్టుకున్న నా గుడ్లు పోయాయి! మేతకు వెళ్లి వచ్చేసరికి ఒక్కటీ లేదు."

"ఇంకెవరు, ఆ కొమరన్నే!" అని కోతులు అరిచాయి. "పొద పక్కనే తిరుగుతుంటే చూశాం. అడవి నుంచి తరిమేయండి!" అన్నాయి అడవిపందులు.

సింహానికి కూడా విసుగొచ్చింది. "తొందరగా తేల్చు గవరయ్యా" అన్నాడు.

కొమరన్నను తెచ్చి నిలబెట్టారు. గవరయ్యకు ఆ పాత నవ్వు చెవుల్లో మోగింది. ఒళ్లంతా ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. 'తరిమేయండి' అని ఒక్క మాట అంటే చాలు. కాదనేవాళ్లు లేరు.

కానీ ఆ పాత కోపాన్ని పక్కన పెట్టాడు. ముళ్లు మెల్లగా వాలాయి. అప్పుడు అడిగాడు.

"కొమరన్నా, నువ్వేమంటావు?"

"నేనేమన్నా ఎవరు వింటారు? అందరూ ముందే తేల్చేశారుగా."

"నే... నేను వింటాను. చెప్పు."

కొమరన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏటికి నీళ్లు తాగడానికి వెళ్లాను. దారి ఆ పొద పక్క నుంచే. అంతేనయ్యా."

గవరయ్య లేచి పొద దగ్గరికి నడిచాడు. అందరూ వెంట వెళ్లారు. లోపలికి దారి సన్నగా ఉంది. కొమరన్న దూరితే కొమ్మలు విరగాలి. ఒక్క కొమ్మా విరగలేదు. నేల మీద మాత్రం తోక ఈడ్చిన గీత ఉంది. ఆ గీత పట్టుకుని వెళితే ఒక బొరియ, అందులో పొట్ట ఉబ్బి పడుకున్న ఉడుము!

"ఆకలికి తాళలేక తిన్నానయ్యా" అని ఉడుము ఒప్పుకుంది.

"ఈ అమ్మ మళ్లీ గుడ్లు పెట్టి పొదిగేదాకా పొదకు నువ్వే కాపలా. పా... పాము కూడా దగ్గరికి రాకూడదు" అని గవరయ్య తీర్పు చెప్పాడు.

కోతులు మెల్లగా చెట్లెక్కేశాయి. కొమరన్న దగ్గరికి వచ్చాడు. "నేను నిన్నెంత ఏడిపించాను! అయినా నా మాట విన్నావా?"

"ఇవాళ తగవు గుడ్లది. మనిద్దరిదీ కాదు" అన్నాడు గవరయ్య.

వానలు పడ్డాక నెమలి మళ్లీ గుడ్లు పెట్టింది. ఈసారి పిల్లలు బయటికొచ్చాయి. ఉడుమే అందరికంటే ముందు చూసి, కొలువుకు కబురు తెచ్చింది.

గవరయ్య ముసలివాడై కొలువు మానుకున్నాడు. ఏటి ఒడ్డున ఎండలో కూర్చుని దుంపలు నములుతూ హాయిగా ఉండేవాడు. అయినా తగవు పడ్డవాళ్లు అతన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. గవరయ్య దుంప పక్కన పెట్టి, ఇద్దరికీ చోటు చూపించి అనేవాడు:

"కూర్చోండి. తొందరేం లేదు. ఇద్దరూ చెప్పండి."

నీతి: ఎదుటివాడు మనకు గిట్టనివాడైనా సరే, అతని మాట పూర్తిగా విన్నాకే తీర్పు చెప్పాలి.