పారమ్మ కొంగలు

అనగా అనగా, ఏరు ఇంకా ఊరికి అవతలి పక్కన పారే రోజుల్లో, గెడ్డవలస అని ఒక ఊరుండేది. ఊరి చుట్టూ చింతచెట్లు. ఏటా తొలకరికి ముందు ఎక్కడి నుంచో కొంగలొచ్చి ఆ కొమ్మల్లో గూళ్లు కట్టుకునేవి. ఊరివాళ్లు వాటిని కొంగలనేవారు కాదు. "ఆడపిల్లలు పురిటికొచ్చారు" అనేవారు. ఆడపిల్లలొస్తేనే వానొస్తుందని వాళ్ల నమ్మకం.

ఒక ఏడు పెద్ద గాలి వీచింది. చెట్లన్నీ కూలి మూడే మిగిలాయి. మరుసటేడు కొంగలొచ్చి ఊరి మీద తిరిగాయి, తిరిగాయి, దిగకుండా పోయాయి. వాన పడలేదు. ఆ పైయేడూ తిరిగాయి, తిరిగాయి, దిగకుండా పోయాయి. నూతుల్లో నీళ్లు అడుగంటాయి.

ఆ ఊళ్లో పారమ్మ అని ఒక మేదరి మనిషి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. వెదురు బద్దలతో తట్టలు, బుట్టలు, చేటలు అల్లుకుని బతికేది.

"ఖాళీ ఇంటికి ఆడపిల్ల ఎలాగొస్తాది? గుమ్మంలో ఎవరో ఒకరుండాల. నేను కొంగని అల్లుతాను" అంది పారమ్మ.

ఊరిపెద్ద సింహాద్రి నవ్వాడు. "బుట్టలల్లే దానివి, కొంగనెలాగ అల్లుతావే?"

నిజమే. ఆమెకి మూతి తెరిచి ఉంచే అల్లికే తెలుసు, మూసే అల్లిక తెలీదు. మొదటి కొంగ బోర్లించిన కుండలా వచ్చింది. విప్పేసింది. రెండో కొంగకి ఒళ్లు కుదిరింది గాని మెడ వాలిపోయింది. అదీ విప్పేసింది. వేళ్లనిండా కోతలు.

ఏటి ఒడ్డున అసిరయ్య తాత ఉండేవాడు. చేపలు పట్టే వెదురు బోనులు అల్లేవాడు. ఆ బోనులకి పొట్ట లావు, మెడ సన్నం. తాతకి చూపు పోయింది, వేళ్లతోనే చూసేవాడు. పారమ్మ వెళ్లి ఆయన ముందు కూర్చుంది.

"తాతా, మెడ ఎలాగ తిప్పాల?"

"బద్దతో దెబ్బలాడకే. నానబెట్టు. అదెటు వంగుతానంటే అటు పోనీ. సన్నం చెయ్యాలంటే ఒక్కో బద్దనీ వదిలేసుకుంటూ పో."

మూడు నెలలు పారమ్మ ఆయనకి నీళ్లు మోసింది, గంజి కాచింది, బద్దలు వదలడం నేర్చుకుంది. మూడో కొంగ మెడ నిలబెట్టింది. తాత దాన్ని ముక్కు నుంచి తోక దాకా తడిమాడు.

"ఏం చేస్తంది నీ కొంగ?"

"నిలబడింది తాతా."

"ఎవరి కోసం?"

పారమ్మ ఆ మాటే నెమరేసుకుంటూ లేచింది. ఇంటికి నడిచొస్తుంటే వాళ్లమ్మ గుర్తొచ్చింది. తను పుట్టింటికి వెళ్లినప్పుడల్లా అమ్మ ఎండకి చెయ్యి అడ్డం పెట్టి, మెడ చాచి, దారికేసి చూస్తూ ఉండేది. పారమ్మ ఇంటికొచ్చి ఆ మెడనే అల్లింది. అలాంటివే ఇంకా అల్లి, చెట్టుకి మూడేసి కొంగల్ని తనే ఎక్కి కట్టింది.

తొలకరి ముందు కొంగలొచ్చాయి. తిరిగాయి, తిరిగాయి. ఊరంతా ఆ మూడు చెట్ల కిందికి చేరింది. ఒక కొంగ దూదిపింజలా దిగి, వెదురు కొంగ పక్కన వాలి, దాని మెడకి ముక్కు రాసింది. వెనకే తెల్లగా ఆకాశమంతా దిగినట్టు అన్నీ దిగాయి. మూడో రోజుకి వాన పడింది.

నెల తిరక్కుండానే కొంగలు వెదురు కొంగల్ని పీకి, ఆ పుల్లలతో గూళ్లు కట్టుకోసాగాయి.

సింహాద్రి పరుగెత్తుకొచ్చాడు. "ఓలమ్మా, నీ కష్టమంతా పీకేస్తన్నాయి!"

పారమ్మ తలెత్తి చూసి నవ్వింది. "పుట్టింటి నుంచి ఆడపిల్ల ఏది పట్టుకెళ్లినా వద్దంటామేటి బాబూ?"

మళ్లీ ఏడు మళ్లీ అల్లింది. బతికినన్నాళ్లూ అల్లింది. ఆమె పోయిన ఏడు ఊళ్లో ఇంటికొక కొంగ తయారైంది. సింహాద్రి అల్లింది కుండలాగే ఉంది. అయినా కొంగలు దాన్నీ పీక్కున్నాయి.

ఇప్పటికీ ఆ ఊళ్లో తొలకరి ముందు ఇంటికొక కొంగని అల్లుతారు. ఆఖరి ముడి మటుకు వెయ్యరు, పీక్కోవడానికి సులువుగా ఉండాలని. ఇక పుట్టింటికొచ్చిన పిల్ల వెళ్తూ వెళ్తూ అమ్మ చీరో, పచ్చడి జాడీయో సంచీలో పెట్టుకుని, "అమ్మా, ఇది తీసుకోనా?" అని అడిగితే, ఆ ఊరి తల్లులు ఒకటే మాటంటారు:

"ముడి వెయ్యలేదులేవే, పట్టుకెళ్లు."