ఇంటికో వెదురు బద్ద

అనగనగా ఒక అడవి. ఆ అడవి ఏటికేడు ఊరైపోతోంది. పొద పొదకీ కొత్త బొరియలు వెలిశాయి. ఒక ఇరుకు సందులోని బొరియలో కుందేలు పైడితల్లి తన ముగ్గురు పిల్లలతో ఉండేది.

రోజూ పొద్దున్నే నూకాలు అనే పంది వీపున బుట్టతో ఆ సందులోకి వచ్చేది.

"తొక్కలు ఒక ఆకులో, ముళ్ళు ఒక ఆకులో! తెండమ్మా, తెండి!" అని కేకేసేది.

తొక్కలు ఎరువు గుంతకి, ముళ్ళు దూరపు లోయకి చేర్చేది. ఇంటింటా గుప్పెడు గింజలు పెట్టేవారు. పైడితల్లి చిన్నకూతురు బుజ్జి ఆ కేక కోసమే గుమ్మంలో కాచుకునేది. తొక్కల ఆకు తానే ఇవ్వాలి. లేదంటే ఏడుపే.

ఇళ్ళు పెరిగాయి. ఒక్క బుట్ట చాలలేదు. నూకాలు గుమ్మం గుమ్మం తిరిగింది.

"ఇంటికో వెదురు బద్ద ఇవ్వండమ్మా. ఇంకో రెండు బుట్టలు అల్లుకుంటాను. నా చెల్లెళ్ళనూ పనిలో పెడతాను."

నక్క నవ్వింది. "చెత్త మోయడానికి ఇంత హంగామానా?"

కోతి చెట్టు మీంచి తొక్క విసిరింది. "పెద్దలు ఏనుగు మామను పిలిచారు. ఊరి చెత్తంతా ఒక్క మోతలో ఎత్తేస్తాడు. ఇంక నువ్వెందుకు?"

పైడితల్లి గుమ్మం పక్కనే బద్దల కట్ట ఉంది. దడి కట్టుకుందామని దాచుకుంది. నూకాలు దానివైపు చూసింది.

"అందరూ ఇస్తే నేనూ ఇస్తానులే నూకాలూ," అంది పైడితల్లి.

నూకాలు ఖాళీ బుట్టతో వెనక్కి తిరిగింది. చెల్లెళ్ళను వెంటబెట్టుకుని కొండ అవతలి ఊరికి వెళ్ళిపోయింది.

ఏనుగు వచ్చాడు. సందులో తొండం తప్ప ఇంకేమీ పట్టలేదు. "చెత్త బయటికి తెచ్చి పెట్టండి," అని వెళ్ళిపోయాడు. అంత దూరం ఎవరు మోస్తారు? అందరూ సందు చివర, వాననీరు పోయే కాలువలో పడేశారు. పైడితల్లి కూడా అక్కడే వేసింది.

కొన్నాళ్ళకు జోరున వాన పట్టుకుంది. మేతకు వెళ్ళిన పైడితల్లి పరుగున వచ్చేసరికి చెత్తతో కాలువ పూడిపోయి, నీళ్ళు బొరియల్లోకి తిరిగాయి. పెద్దదాన్ని నోట కరుచుకుని బయటికి లాగింది. నడిపివాణ్ణి లాగింది. మూడోసారి దూకింది. బుజ్జి దొరికింది. ఊపిరి లేదు.

వాన వెలిశాక పైడితల్లి బద్దల కట్టంతా ఈడ్చుకుంటూ కొండ దాటింది. అక్కడ నూకాలు కొత్త బుట్టతో ఎవరి గుమ్మం ముందో నిలబడి ఉంది.

"వచ్చెయ్ నూకాలూ. ఇవన్నీ నీకే."

"ఇక్కడ ఇంటికో బద్ద ఇచ్చారమ్మా. వీళ్ళనెలా వదిలేసి రాను?" అంది నూకాలు. బుట్ట దించి మెల్లగా అడిగింది. "బుజ్జి ఎలా ఉంది? నేను రావడం లేదని ఏడుస్తోందా?"

పైడితల్లి పట్టు సడలింది. కట్ట విడిపోయి బద్దలన్నీ బురదలో పడ్డాయి.

నీతి: మన గుమ్మం శుభ్రంగా ఉంచే చిన్నవాళ్ళకు, వాళ్ళు అడిగినప్పుడే చేయందించాలి. పక్కవాళ్ళు ఇస్తారేమోనని చూస్తూ కూర్చుంటే, మనం ఇచ్చే రోజుకి ఆలస్యమైపోతుంది.