బంగారు డిప్పల పురుగు

మా మొగలూరు రాజ్యంలో నా అంత ధైర్యవంతుడు ఇంకొకడు పుట్టలేదు. నా పక్కన ఎవరైనా నిలబడి ఉండాలి, అంతే.

అందుకే కాబోలు, ఓడవర్తకుడు కానుకిచ్చిన వింత పురుగుని చిత్తిభూపతి మహారాజు నాకే అప్పగించారు.

"ఎరకన్నా! పదో రోజున దీన్ని నిండుకొలువులో చూపించాలి. ఏమైనా తేడా వచ్చిందో, నువ్వు ఊరు వదలాల్సిందే!"

అరచేయంత పురుగు అది. తల మీద ఓ కొమ్ము, దానికి పైన ఇంకా పొడుగుది మరొకటి. రెండూ కలిస్తే అచ్చం పట్టకారే. ఒళ్ళంతా నలుపు. వీపు మీది రెక్కల డిప్పలు మాత్రం మేలిమి బంగారం, వాటి మీద నల్లచుక్కలు.

పదో రోజు కొలువులో బుట్ట మూత తీశాను. డిప్పలు కూడా నల్లగా నిగనిగలాడుతున్నాయి!

ఆస్థాన రత్నపరీక్షకులు విస్సప్పగారు మీసం దువ్వుకుంటూ లేచారు.

"ప్రభూ! బంగారు పురుగుని అమ్మేసుకుని, కొబ్బరితోటలో కొమ్ముపురుగుని పట్టుకొచ్చాడు వీడు!"

"ఇది వేరే పురుగేనంటారా, విస్సప్పగారూ?" అన్నాను.

"నా కళ్ళు ఏనాడైనా పొరబడ్డాయిరా? ఇదే ఆ పురుగైతే నా పట్టుశాలువా నీది!"

"అయితే దీని కాలికి మీరే ఎర్రదారం కట్టండి. బుట్టకి మీ ఉంగరంతోనే లక్కముద్ర వేయండి. అదిగో, ఆ కిటికీలో ఎండపొడన అందరి ఎదుటా పెడదాం. నేనిక్కణ్ణుంచి కదలను."

ఆయన కట్టారు, ముద్ర వేశారు. రెండు గడియలయ్యాక తన ముద్ర తనే పగలగొట్టారు.

లోపల అదే ఎర్రదారం. వీపు మాత్రం ధగధగా బంగారం!

"మార్చేశాడు ప్రభూ!" అన్నారు విస్సప్పగారు, తడబడుతూ.

నేను వినయంగా చేతులు కట్టుకున్నాను.

"నేనే మార్చానంటే, మీ ఉంగరం నాకు తోడుదొంగ అయ్యుండాలండీ!"

కొలువంతా గొల్లుమంది. విస్సప్పగారు ఉంగరం వంక ఓసారి చూసుకుని, తనూ నవ్వేసి, శాలువా నా భుజాన కప్పారు.

"దీని డిప్పలు తడిస్తే నలుపు, ఆరితే పసుపు, ప్రభూ," అని గుట్టు విప్పాను. " ఇవాళ నీళ్ళు కాస్త ఎక్కువ చల్లాను."

"భేష్! దారం ఆయనచేతే కట్టించావు చూడు, అదిరా ముందుచూపంటే!" రాజుగారు తన కంకణం తీసి నాకు తొడిగారు. "ఏదీ, ఇప్పుడా పురుగుని నీ చేతి మీద ఎక్కించుకో, అందరూ చూస్తారు."

నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"అది ముందుచూపు కాదు ప్రభూ... పది రోజులుగా అరటిపండు కర్రతోనే తోశాను. నీళ్ళు గుమ్మం అవతల నుంచే చల్లాను. దాన్ని ముట్టుకోవాలంటే నాకు భయమండీ!"